ఆషాఢం, డెబ్బై ఎనిమిది ముక్కలు

జూన్ 26, 2025, గురువారం

ఆషాఢం వచ్చింది. ఇంక నెల రోజులు శుభలేఖలుండవు. బిల్లు పుస్తకాలు, స్కూలు ఫీజు రసీదులు తప్ప షాపులో పని లేదు. ఏటా ఈ నెలలో కటింగ్ మెషిన్ బ్లేడు సాన పట్టిస్తాను, పాత ఫైళ్లు సర్దుతాను. ఈసారి ఇంకో పని పెట్టుకున్నాను. అందుకే ఈ నోట్‌బుక్కు.

మేనకోడలు, మా అమ్మడు, ఇంటర్ పూర్తి చేసి, కౌన్సెలింగ్ మొదలయ్యేదాకా అమ్మమ్మ దగ్గరుందామని రాజమండ్రి వచ్చింది. వస్తూ వస్తూ మ్యాజిక్ అనే ఆట పేక ముక్కలు పెట్టెడు తెచ్చింది. 2016లో బావ ఆఫీసు పని మీద సియాటిల్ వెళ్లినప్పుడు కొన్న పెట్టె అది. నాకు ఆట నేర్పింది కూడా అమ్మడే. ఇద్దరాడే ఆట. కనీసం 60 ముక్కల కట్ట, చేతిలో 7, ఒక్కొక్కరికి 20 ప్రాణాలు. నేలలు పరిచి, వాటినుంచి వచ్చే శక్తితో జీవుల్నీ మంత్రాల్నీ దించి, ఎదుటివాళ్ల ప్రాణాలు సున్నా చెయ్యాలి. గణితంలో డాక్టరేట్ చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేస్తే, విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ 1993 ఆగస్టులో విడుదల చేసింది.

బావ తెచ్చింది కాలదేశ్ అనే సెట్. మన దేశం చూసి ఊహించిన లోకం. బట్టల్లో, కట్టడాల్లో, లోహపు నగిషీలో మనవాళ్ల చేయి కనిపిస్తుంది. బొమ్మలు చాలా బాగున్నాయి. అయినా రాత్రి పక్క మీద పడుకున్నాక తోచింది: ఈ ముక్కల్లో మన వేషం ఉంది, మన కథ లేదు. బాలనాగమ్మ లేదు, మాయల ఫకీరు లేడు, మణిసిద్ధుడు లేడు.

పొద్దున్న ఆ మాటే అంటే, "అయితే మనమే ఒక సెట్ చేద్దాం మామయ్యా, ఇంట్లోనే ప్రెస్సుంది కదా" అంది.

జూన్ 29, ఆదివారం

నాన్న బీరువాలోంచి కాశీ మజిలీ కథలు దించాను. మధిర సుబ్బన్న దీక్షితులు గారు రాసిన 12 భాగాల్లో మా ఇంట్లో ఉన్నవి ఐదు. నాన్న అట్టలు వేయించిన పుస్తకాలు. మా చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుళ్లు వీటిలోంచే చెప్పేవాడు. కాశీకి నడిచిపోతున్న మణిసిద్ధుడు, వెంట వచ్చే గోపడు. దారిలో గోపడికి ఏదో వింత కనబడుతుంది, అదేమిటని అడుగుతాడు. మజిలీ చేరాక మణిసిద్ధుడు తన మణి మహిమతో ఆ సంగతంతా తెలుసుకుని కథగా చెబుతాడు. పొద్దున్నే మళ్లీ నడక.

మ్యాజిక్‌కి వచ్చిన మొట్టమొదటి అదనపు సెట్ కూడా కథల పుస్తకంలోంచి పుట్టిందే. 1993 డిసెంబరులో వచ్చిన అరేబియన్ నైట్స్. గార్ఫీల్డ్ వెయ్యిన్నొక్క రాత్రుల్లోంచి 78 ముక్కలు చేశాడు. ఆ తర్వాత 1999లో చైనావాళ్ల మూడు రాజ్యాల కథతోనూ ఒక సెట్ వచ్చింది. అంటే మనం చేయబోయేది ఈ ఆటకి పరాయిది కాదు.

ఆ 78లో రెండు ముక్కల గురించి అమ్మడు చెప్పింది. ఆలీబాబా అనే చిన్న జీవి. కొంచెం ఎర్రశక్తి ఖర్చు పెడితే ఒక గోడని అడ్డు తొలగిస్తాడు. అంతే రాసుంది. గుహ తలుపు తెరుచుకునే కథంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. రెండోది షెహ్రజాద్. ఆ ముక్క వేస్తే, ఆడుతున్న ఆట అక్కడే ఆపి, మిగిలిన కట్టలతో లోపల ఇంకో చిన్న ఆట ఆడాలి. అందులో ఓడినవాళ్లు బయటి ఆటలో సగం ప్రాణాలు పోగొట్టుకుంటారు. కథలో కథ, ఆటలో ఆట! పోటీల్లో ఆ ముక్కని నిషేధించారట, సమయం తినేస్తుందని. నిషేధించనీ. కథని బొమ్మలో కాకుండా నియమంలో పెట్టడమంటే ఏమిటో నాకు ఆ ముక్కే నేర్పింది.

మా సెట్టుకీ అదే కట్టుబాటు. పేరు చెరిపేసి నియమం మాత్రమే చదివినా, ఎవరి కథో మన ఇంట్లోవాళ్లకి తెలియాలి. తెలియకపోతే ఆ ముక్క అక్కర్లేదు.

లెక్క కూడా తేలింది. కంపెనీ పెద్ద సెట్లు చాలా ఏళ్లు 249 ముక్కలు, ఆపైన నేలలు. అది వందమంది పని. మాకు అరేబియన్ నైట్స్ లెక్కే గురి: 78. ఆటలో ఉన్న ఐదు రంగులు, రంగుకి 8 సాధారణం, 4 మధ్యరకం, 2 అరుదు. మొత్తం 70. రంగు లేనివి 8. ఖాళీ గళ్లు ముందే గీసి ఒక్కోదానికి నంబరు వేశాం, "సా-తె-01" అంటే సాధారణ తెలుపు ఒకటి. కంపెనీలో సెట్ తయారుచేసేవాళ్లూ ఇలాగే ముందు ఎముకల గూడు గీసి తర్వాత కండ పెడతారట. 2003 నుంచి అక్కడ ప్రధాన రూపకర్తగా ఉన్న మార్క్ రోజ్‌వాటర్ ఈ పద్ధతి గురించి విడమరిచి రాశాడు. శుభలేఖకైనా అంతే కదా. ముందు గళ్లు, తర్వాత అక్షరాలు.

జూలై 2, బుధవారం

ముక్కల మీద తెలుగే ఉండాలన్నాను. అమ్మడు ముందు ఒప్పుకోలేదు. ఈ ఆట తెలుగులో ఎప్పుడూ రాలేదంది. నిజమే. కానీ 2001లో అపోకలిప్స్ సెట్ విడుదల ముందు ఆటల్లో ఫంగల్ షాంబ్లర్ అనే ముక్కని సంస్కృతంలో అచ్చేసి పంచారని కూడా అదే చెప్పింది. సంస్కృతానికి చోటున్న ముక్క మీద తెలుగుకి చోటు లేకపోవడమేమిటి?

మాటల దగ్గర కూర్చుంటే రాత్రి పదకొండయింది. పేకాట మాటలు మనకి బోలెడున్నాయి: కట్ట, ముక్క, కలపడం, కోయడం, పంచడం, దించడం. ఇవి తెలియని ఇల్లు లేదు. ఇంగ్లీషులో "మానా" అనేదాన్ని తెలుగులో రాస్తే "మన" అని చదివేస్తారు. శక్తి అన్నాం. ఐదు నేలలు: మైదానం, ద్వీపం, చిత్తడి, కొండ, అడవి. రెండోదాన్ని కొట్టేసి లంక అని రాశాను. గోదావరి పక్కన పుట్టినవాడికి ద్వీపం అనే మాట ఎందుకు?

అసలు సంగతి "ట్యాప్" దగ్గర దొరికింది. వాడుకున్న ముక్కని, దాడికి పంపిన జీవిని అడ్డంగా తిప్పుతారు, దాన్ని ట్యాప్ అంటారు. దానికేం మాట పెట్టాలా అని తిప్పుతూ కూర్చుంటే, వత్తులు చేసుకుంటున్న అమ్మ చూసి, "దాన్నెందుకురా పడుకోబెట్టావ్?" అంది.

పడుకోబెట్టడం. తర్వాత వంతులో లేపడం.

నడిచి నడిచి వచ్చినవాడు మజిలీలో పడుకుంటాడు. దాడికి వెళ్లొచ్చిన జీవి ముక్క మీద నిజంగానే పడుకునుంటుంది. మేం వెతుకుతున్న నియమం అమ్మ మాటలో ఉంది. అప్పటికప్పుడు రాశాం:

మజిలీ: నీ వంతు ముగియగానే, ఇది పడుకుని ఉంటే, ఫలానా ఫలం పొందు.

ఇలాంటివి ఇదివరకే ఉన్నాయని అమ్మడు చెప్పింది. 2014లో వచ్చిన ఒక నియమం ఆ వంతులో దాడి చేశావా అని అడుగుతుంది. అదే ఏడు వచ్చిన ఇంకోటి ముక్క లేచేటప్పుడు ఫలం ఇస్తుంది. మాది ఆ రెంటికీ మధ్యలో, పడుకున్నప్పుడు. చుట్టాలే కానీ అదే మనిషి కాదు. ఉంచాం.

జూలై 6, ఆదివారం, తొలి ఏకాదశి

శుభలేఖల కటింగ్‌లో పోయే బోర్డు ముక్కల్ని కొలతకి కోసి, పెన్సిలుతో రాసి, పాత ముక్కలతో కలిపి ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టాం. నచ్చకపోతే చెరిపి రాసుకోవచ్చు. ఇవాళ మొదటి ఆట.

గంటా పది నిమిషాలు పట్టింది. బాగా లేదు.

తప్పు ఆవులకాపరి అనే ముక్కది. ఆకుపచ్చ, సాధారణం. వాణ్ని పడుకోబెడితే ఒక శక్తి ఇస్తాడు. మజిలీ ఫలం ఒక ప్రాణం. అమ్మడు ముగ్గురు కాపర్లని దించి, ప్రతి వంతులోనూ శక్తి కోసం పడుకోబెట్టింది. ఎవరి మీదికీ వెళ్లలేదు. వంతుకి మూడు ప్రాణాలు వచ్చిపడుతున్నాయి. నేనెంత కొట్టినా తరగవు. నడవకుండా మజిలీలో పడుకుని తింటున్నారన్నమాట!

"నువ్వు రాసిందే చేశాను మామయ్యా" అంది. నిజం. ఆడేవాళ్లు నియమం దేనికి ఫలమిస్తే అదే చేస్తారు, కూర్చోవడానికి ఫలమిస్తే కూర్చుంటారు. అందులో వాళ్ల తప్పేం లేదు, రాసినవాడిదే.

నియమంలో "దాడి చేసి" అని రెండు మాటలు కలపొచ్చు. కానీ ఎదుటివాళ్లు మంత్రంతో నా జీవిని పడుకోబెట్టినప్పుడు కూడా మజిలీ దొరకడం నాకు ఇష్టం. దారిలో మాంత్రికుడు నిద్రపుచ్చితే అక్కడే ఒక కథ మొదలవుతుంది, మన కథలన్నీ అలాంటివే. అందుకని నియమం కదపలేదు. శక్తినిచ్చే జీవులకి మజిలీ పెట్టకూడదని నోట్‌బుక్ అట్ట లోపల రాసుకున్నాను. ఆ కట్టుబాటు ఆడేవాళ్లకి కాదు, రాసే నాకు.

జూలై 8, మంగళవారం

తెల్లరంగుకి ఎప్పటినుంచో ఉన్న ఒక గుణం, దాడికి వెళ్లినా పడుకోకపోవడం. "మెలకువ" అని పేరు పెట్టాం. మెలకువగా ఉన్నవాడికి మజిలీ దొరకదు. ఒకే కట్టలో ఈ రెండూ పడితే ఒకదాన్నొకటి చెడగొడతాయి. మెలకువ మూడు ముక్కల మీద ఉండేది, ఒక్కదాని మీదే ఉంచాం: తలారి. రాత్రంతా ఊరు కాసేవాడు పడుకోడు కదా. పేరు చెరిపేసినా తెలుస్తాడు.

జూలై 11, శుక్రవారం

మూడు రోజులుగా మాయల ఫకీరు మీదే ఉన్నాం. ఈ సెట్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ముక్క.

కథ అందరికీ తెలుసు. వాడి ప్రాణం వాడిలో లేదు, ఎక్కడో ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంది. వాణ్ని పొడిచినా నరికినా చావడు.

మొదటి రాత: ఆరు శక్తులు, దెబ్బ 5, ఓర్పు 5, చావులేదు. దిగగానే పక్కన ఒక చిలుక దిగుతుంది, అది చస్తే వీడూ చస్తాడు. అమ్మడు ఒక్క శక్తి ఖర్చుతో నిప్పు మంత్రం వేసి చిలుకని కాల్చేసింది. ఫకీరు ఒక వంతు కూడా బతకలేదు. రెండోసారి చిలుకకి మంత్రాలు తగలవని రాశాను. అప్పుడు వాణ్ని ఎవరూ చంపలేకపోయారు. మూడోసారి చిలుకని నా చేతిలో దాచమన్నాను. అప్పుడది ఎదుటివాళ్లకి కనిపించని లెక్క అయిపోయింది, వెతకడంలో ఉండే ఆరాటం పోయింది.

ఎక్కడ తప్పుతున్నామో రాత్రి అన్నం దగ్గర తెలిసింది. కథలో కష్టం చిలుకని చంపడంలో లేదు. దాని మెడ విరవడం ఎంతసేపు? అక్కడికి వెళ్లడమే కష్టం. మేం చిలుక గురించి రాస్తూ సముద్రాలు మర్చిపోయాం.

నాలుగో రాత, ఇదే ఖాయం: ఫకీరు దిగగానే వాడి మీద ఏడు సముద్రాలు, అంటే ఏడు గవ్వలు, పెట్టు. ఎదుటివారి జీవులు నీకు తగిలించే ప్రతి దెబ్బకీ ఒక గవ్వ తీసెయ్యి. చివరి గవ్వ తీయగానే ఫకీరు చస్తాడు. అప్పటిదాకా వాడికి చావులేదు.

నిప్పు మంత్రాలు పనిచెయ్యవు. ఎవరో ఒకరు బయల్దేరి ఫకీరుని దాటుకుని నా దాకా రావాలి. ఆ వచ్చేవాళ్లు ఎలాగూ పడుకుంటారు, మజిలీ ఫలమూ దొరుకుతుంది. రెండు ముక్కలూ ఒకదానికొకటి చెప్పకుండానే కలిశాయి. ఇది రాసినప్పుడు మా ఇద్దరికీ కలిగిన సంతోషం ఎంతని రాయను! అమ్మ వామనగుంటల గవ్వలు తెచ్చి ఇచ్చింది.

జూలై 15, మంగళవారం

భాష దగ్గర పెద్ద చిక్కు. "ఇది చస్తే ఒక ముక్క తీయి" అని రాసుకుంటూ పోయాను. ఈ ఆటలో "చచ్చినప్పుడు" వేరు, "చచ్చి ఉంటే" వేరు. మొదటిది జరగగానే ఫలమిచ్చేది, రెండోది ఫలమిచ్చే ముందు చూసుకునే షరతు. మన "-తే" రెంటికీ చెల్లుతుంది, రోజువారీ మాటల్లో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇక్కడ మాత్రం దానివల్ల తగువు వచ్చింది, నిన్న ఒక ముక్క మీద అరగంట.

తీర్మానం: ఒక్కసారి జరిగేదానికి "-గానే". రాగానే, చావగానే. ఎన్నిసార్లు జరిగితే అన్నిసార్లకి "ప్పుడల్లా". "-తే" షరతుకి మాత్రమే. మజిలీ నియమంలో రెండూ ఉన్నాయి, "ముగియగానే", "ఉంటే". రెండో తారీఖున తెలియకుండానే సరిగ్గా రాశాను. 78 ముక్కలూ తిరగేస్తే 23 చోట్ల దిద్దాల్సి వచ్చింది. అయ్యాక చూస్తే ఇంగ్లీషు ముక్కల కంటే మావి పొట్టిగా ఉన్నాయి. తెలుగు చాలదని అనేవాళ్లకి చూపించాలి.

ఇంకోటి. "ఎదుటివాడు" అని రాశాను. "ఎదురుగా కూచునేది నేను మామయ్యా, నేను వాడినా?" అంది అమ్మడు. సబబైన మాట. అంతటా "ఎదుటివారు" చేశాను. ఆడేవాళ్లని మాత్రం "నువ్వు" అనే పిలిచాం, తీయి, దించు, కలుపు అని. "మీరు" పెట్టి చూస్తే అది బ్యాంకు ఫారంలా ఉంది. "పేక ముక్కల దగ్గర మీరేమిటిరా" అని అమ్మ కూడా అంది.

గోపడు ఏ రంగు అన్నది ఇవాళే తేలింది. పశువుల కాపరి కాబట్టి ఆకుపచ్చ అన్నాను. వింత కనబడితే ఆగలేక అడిగేవాడు కాబట్టి ఎరుపు అంది. ఈ ఆటలో ఎరుపు ఆగలేనితనానికి రంగు. దాని మాటే నెగ్గింది. మణిసిద్ధుడు నీలం, అందులో వాదన లేదు.

జూలై 19, శనివారం

అచ్చు. ఇక్కడ నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ముక్క కొలత 63 మిల్లీమీటర్లు, 88 మిల్లీమీటర్లు. నియమాలకి మిగిలే చోటు అందులో మూడో వంతు. ఇంగ్లీషు అక్షరాలు ఒక గీత మీద నిలబడతాయి. మనకి కింద ఒత్తులు, పైన గుడులు. వరసలు దగ్గరగా పెడితే పై వరస ఒత్తు కింది వరస గుడిలో దిగబడుతుంది. 8 పాయింట్ల అక్షరానికి వరసల మధ్య 11 పెట్టాను. దానితో ఒక ముక్కకి ఐదు వరసలే పట్టాయి. సాధారణ ముక్కలకైతే మూడు వరసలు దాటకూడదన్నాను. ఎక్కువగా చేతికొచ్చేవి సరళంగా ఉండాలన్నది కంపెనీవాళ్లూ పాటించే పద్ధతే. మాకు దాన్ని ఒత్తులు నేర్పాయి.

బొమ్మలు అమ్మడు నల్లపెన్నుతో గీసింది. పాత చందమామల్లోంచి స్కాన్ చేద్దామని ఒక రాత్రి మనసు లాగింది. వడ్డాది పాపయ్య, చిత్రా గీసిన మాంత్రికులు కళ్ల ముందే ఉన్నారు. వద్దనుకున్నాను. ఒకరి చేతిపని అడక్కుండా తీసుకునే ప్రెస్సు కాదు మాది. అంచులకి అమ్మ వేసే చుక్కల ముగ్గు.

వెనక వైపు కూడా మాదే, ఎర్ర నేల మీద ఒక రావిచెట్టు, కింద తిన్నె. అరేబియన్ నైట్స్‌కి కూడా మొదట వేరే వెనకభాగం వెయ్యాలనుకుని, ఆఖరు నిమిషంలో మానేశారట. మేం మానలేదు. వాళ్ల గుర్తు మాది కాదు, ఈ ముక్కలు అమ్మకానికీ కావు.

13, 19 అంగుళాల షీటు, 300 జీఎస్ఎం ఆర్ట్ బోర్డు, షీటుకి 21 ముక్కలు. నలుగురు పంచుకుని ఆడాలంటే సాధారణం మూడేసి, మధ్యరకం రెండేసి, మిగిలినవి ఒక్కొక్కటి. మొత్తం 178. తొమ్మిది షీట్లు.

జూలై 21, సోమవారం

మొదటి మూడు షీట్లు పాడయ్యాయి. వెనక బొమ్మ రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగింది. శుభలేఖకైతే ఎవరూ గమనించరు. ఇక్కడ వెనక అంచు చూసి ముక్క గుర్తుపట్టేయొచ్చు, అది ఆటకే చేటు. మళ్లీ తీశాను. మూలలు గుండ్రంగా కోసే మెషిన్‌తో 178 ముక్కలకి నాలుగేసి మూలలు, రాత్రి ఒంటిగంట దాకా.

జూలై 24, గురువారం, అమావాస్య

సాయంత్రం నలుగురం కూర్చున్నాం. నేను, అమ్మడు, మా కంపోజిటర్ కుర్రాడు, అమ్మ. ఒక్కొక్కరికి 14 ముక్కల పొట్లాలు మూడు. పొట్లం విప్పి, ఒకటి తీసుకుని, మిగిలినవి పక్కవాళ్లకి అందించాలి. అలా పోగైనవాటికి నేలలు కలిపి 40 ముక్కల కట్ట కట్టుకుని (ఈ తీరు ఆటకి 60 అక్కర్లేదు) ఇద్దరిద్దరుగా ఆడాలి. నేలలు బావ పెట్టెలోవే, వెనక తేడా తెలియకుండా అన్నిటికీ తొడుగులు వేశాం.

అమ్మకి ఇంగ్లీషు రాదు. పద్దెనిమిది రోజులుగా మేం ఆడుతుంటే చూస్తోందే కానీ ముక్క పట్టలేదు. ఇవాళ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో ముక్కా పైకి చదివింది. తలారి ముక్క చదివి, "వీడు నిద్రపోడన్నమాట, ఇంటి దగ్గర ఉంచుకోవాలి" అని తీసుకుంది. ఫకీరు నా దగ్గర పడ్డాడు. దించి ఏడు గవ్వలు పెట్టాను. ఆవిడ మూడు వంతుల్లో ఆరు గవ్వలు తీయించింది. ఏడో గవ్వ దగ్గర నా ప్రాణాలు మూడు. ఆట ఆపి, నాన్న ఈ కథ చెప్పేటప్పుడు చిలుక దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాడని చెప్పింది. తర్వాత దాడి చేసింది. ఫకీరు చచ్చాడు. ఆట నేను గెలిచాను, రెండు ప్రాణాలతో.

మొత్తం మూడు ఆటలు. ఏదీ 35 నిమిషాలు దాటలేదు. నియమం మీద తగువు ఒక్కసారే, సా-ఎ-06 దగ్గర. మజిలీ నిలబడింది. ఆకుపచ్చ బలహీనంగా ఉంది. ఆవులకాపరికి మజిలీ తీసేశాక ఆ రంగుకి వేరే ఏమీ ఇవ్వలేదు, రెండు సాధారణ ముక్కలు మళ్లీ రాయాలి. షెహ్రజాద్‌లాంటి ముక్క ఒకటి చెయ్యాలని ఉంది, మణిసిద్ధుడి మణి. అదింకా రాయలేదు.

రేపటినుంచి శ్రావణం. తొమ్మిదింటికి రెండు శుభలేఖల ప్రూఫులు ఇవ్వాలి.